ఇ.హెచ్. కార్ చేసిన కొలువులు

అంతర్జాతీయ సంబంధాలు పాఠ్యాంశంగా చదివిన ఎవరికైనా ఇ.హెచ్. కార్ పేరు మొదటి అధ్యాయంలోనే తగులుతుంది. ఎం.ఏ. రాజనీతిశాస్త్రం నోట్సుల్లో ఆయన ‘వాస్తవికవాదానికి’, అంటే దేశాల నడుమ ఆదర్శాలకంటే బలానిదే పైచేయి అన్న వాదానికి, ‘ఆద్యుడు’. చరిత్ర విద్యార్థులకు ‘చరిత్ర అంటే ఏమిటి’ అన్న ప్రసంగాలు చేసిన కేంబ్రిడ్జి పండితుడు. సివిల్స్‌కు తయారయ్యేవారికి రెండు ప్రపంచ యుద్ధాల నడిమి కాలం మీద సన్నపాటి పుస్తకం రాసిన పెద్దమనిషి. సోవియట్ రష్యా చరిత్రను 14 సంపుటాలుగా రాసినవాడు కూడా ఆయనే. ఈ నలుగురినీ ఒకే మనిషిగా చూపించే పాఠం నాకు తరగతి గదిలో దొరకలేదు. అందుకే ఆయన సిద్ధాంతాల జోలికి నేరుగా పోకుండా, ఆయన చేసిన కొలువుల గురించి రాయాలనుకున్నాను. ఆ సిద్ధాంతాల్లో పెద్ద భాగం విశ్వవిద్యాలయం బయట, జీతమిచ్చిన వేరే బల్లల దగ్గర పుట్టిందని నా నమ్మకం.

ఈ కాలపు లెక్కల ప్రకారం చూస్తే ఆయనకు అధ్యాపక ఉద్యోగం రావడమే కష్టం. డాక్టరేట్ లేదు, చరిత్రలో పట్టా కూడా లేదు. నలభై నాలుగో ఏట తిన్నగా ఆచార్యుడిగా విశ్వవిద్యాలయంలో అడుగుపెట్టి, పదకొండేళ్ళకు అపవాదు మూటగట్టుకుని రాజీనామా చేసి, ఆ తర్వాత ఆరేళ్ళ పాటు స్థిరమైన విద్యాసంబంధ ఉద్యోగం లేకుండా గడిపి, అరవై మూడేళ్ళ వయసులో తాను విద్యార్థిగా చదివిన కళాశాలకే పరిశోధకుడిగా తిరిగి వచ్చాడు. చాలామంది పింఛను కాగితాలు సర్దుకునే వయసులో ఆయన తన ప్రధాన గ్రంథంలో ఎక్కువ భాగాన్ని రాశాడు.

ఎడ్వర్డ్ హాలెట్ కార్ 1892 జూన్ 28న లండన్‌లో పుట్టాడు. మర్చంట్ టేలర్స్ పాఠశాలలోనూ, ఆ తర్వాత కేంబ్రిడ్జిలోని ట్రినిటీ కళాశాలలోనూ ఆయన చదివింది గ్రీకు, లాటిన్ సాహిత్యాలు. ఆ చదువులో చరిత్రకు సంబంధించి ఆయన మనసులో నిలిచిపోయింది ఒకే ఒక్క పాఠం. అంతగా పేరులేని ఒక అధ్యాపకుడు, హెరొడోటస్ పారశీక యుద్ధాల గురించి రాసిన తీరు మీద, ఆయన రాస్తున్న రోజుల్లో నడుస్తున్న పెలొపొనీషియన్ యుద్ధం నీడ పడిందని వివరించాడట. గతాన్ని రాసేవాడు తన వర్తమానంలో నిలబడి రాస్తాడన్న మాట కార్‌కు అప్పుడే తెలిసింది. దాదాపు యాభై ఏళ్ళ తర్వాత ఆయన ప్రపంచానికి చెప్పిన పాఠంలో ముఖ్యభాగం ఇదే.

చదువు ముగిసిన 1916లోనే, ప్రథమ ప్రపంచ యుద్ధం నడుస్తుండగా, ఆయన బ్రిటిష్ విదేశాంగ కార్యాలయంలో చేరాడు. ఆరోగ్య కారణాల వల్ల సైన్యంలోకి తీసుకోలేదు. మొదట్లో శత్రుదేశాలకు సరుకు చేరకుండా అడ్డుకునే దిగ్బంధం పని, విప్లవం తర్వాత రష్యా వ్యవహారాలు, 1919లో పారిస్ శాంతి సమావేశం, ఆపైన రాయబారుల సభ పనులు, మధ్యలో కొన్నేళ్ళు లాత్వియా రాజధాని రీగా, చివర్లో నానాజాతి సమితి (లీగ్ ఆఫ్ నేషన్స్) వ్యవహారాలు చూసే విభాగం: ఇలా మొత్తం ఇరవై ఏళ్ళు. సంధి పత్రం ముసాయిదాలో ఒక్క పదం కోసం దేశాలు గంటలకొద్దీ ఎందుకు కొట్లాడుకుంటాయో పుస్తకాల్లో చదివినవారికంటే ఆయనకు ఎక్కువ తెలుసు. ఒక ఫైలులో చేరిన కాగితం ఎవరి కోసం రాసిందో, రాసినవాడు ఏం దాచిపెట్టాడో పసిగట్టడం ఆ ఉద్యోగంలో రోజువారీ పని. చరిత్రకారుడిగా ఆయనకు దొరికిన అసలైన శిక్షణ ఇదేనని నేననుకుంటాను.

రీగాలో 1925 నుంచి 1929 దాకా ఉన్నాడు. అక్కడ పని తక్కువ, తీరిక ఎక్కువ. ఆ తీరికలో రష్యన్ నేర్చుకుని, దోస్తాయెవ్‌స్కీని, హెర్జెన్‌ను మూలభాషలో చదివాడు. ఫలితంగా 1931లో దోస్తాయెవ్‌స్కీ జీవిత చరిత్ర, 1933లో హెర్జెన్ వంటి ప్రవాస రష్యన్ల కథ, 1934లో మార్క్స్ జీవిత చరిత్ర, 1937లో బకూనిన్ జీవిత చరిత్ర వచ్చాయి. మార్క్స్ మీద రాసినది తర్వాతి కాలంలో ఆయనకే రుచించలేదు. ప్రభుత్వోద్యోగి తన పేరుతో రాజకీయ వ్యాసాలు రాయకూడదు కాబట్టి పత్రికల్లో జాన్ హాలెట్ అన్న మారుపేరు పెట్టుకున్నాడు. రాయాలన్న కోరిక ఉద్యోగపు గోడలకు తగులుతున్న ఆ రోజుల్లోనే వేల్స్ నుంచి అవకాశం వచ్చింది.

వేల్స్ పడమటి తీరాన, సముద్రపు ఒడ్డునే ఉన్న ఆబరిస్ట్‌విత్ అనే చిన్న ఊరి కళాశాలలో 1919లో అంతర్జాతీయ రాజకీయాలకు ఒక ఆచార్య పీఠం ఏర్పడింది. ఆ విషయానికి ప్రపంచంలోనే అది మొదటి పీఠం. బొగ్గు గనులతో సంపన్నమైన కుటుంబానికి వారసుడు, లిబరల్ పార్టీ పార్లమెంటు సభ్యుడు డేవిడ్ డేవీస్ తన ఇద్దరు చెల్లెళ్ళతో కలిసి 20,000 పౌండ్లు ఇచ్చాడు. యుద్ధంలో చనిపోయిన విద్యార్థుల స్మృతికి కట్టిన నివాళి అది. పీఠానికి అమెరికా అధ్యక్షుడు ఉడ్రో విల్సన్ పేరు పెట్టారు. దేశాలు చట్టానికి కట్టుబడితే, ప్రజాభిప్రాయం శాంతివైపు నిలబడితే మరో యుద్ధం రాదన్న నమ్మకమే దాని పునాది. మొదటి ఆచార్యుడు ఆల్ఫ్రెడ్ జిమర్న్ రెండేళ్ళకే వెళ్ళిపోవలసి వచ్చింది. సహాధ్యాపకుని భార్యతో ప్రేమ, ఆపైన పెళ్ళి, ఆ చిన్న ఊరికి మింగుడుపడలేదు. తర్వాత వచ్చిన చార్లెస్ వెబ్‌స్టర్ వియన్నా సమావేశం మీద, బ్రిటిష్ విదేశాంగ మంత్రి కాసిల్రే మీద పత్రాలు తవ్వి రాసిన గట్టి దౌత్య చరిత్రకారుడు. ఆయన పదేళ్ళు ఉన్నాడు.

1936లో ఆ పీఠం కార్‌కు దక్కింది. డేవీస్‌కు ఇది ససేమిరా ఇష్టం లేదు. అప్పటికి డేవీస్ నానాజాతి సమితికి సొంత సాయుధ పోలీసు దళం ఉండాలని, దురాక్రమణ చేసిన దేశాన్ని అందరూ కలిసి దండించాలని పుస్తకాలు రాసి, సంఘం పెట్టి ప్రచారం చేస్తున్నాడు. కార్ అయితే సమితి గదుల్లో కూర్చుని దాని బలమెంతో చూసి వచ్చినవాడు. ప్రారంభోపన్యాసంలోనే, శాంతికి ప్రజాభిప్రాయం కాపలా కాస్తుందన్న నమ్మకాన్ని ప్రశ్నించాడు. దాత సొమ్ముతో నడిచే పీఠంలో కూర్చుని దాత విశ్వాసాన్నే విప్పి చూపడం చిన్న విషయం కాదు. అయినా ఆ దాతకు ఆచార్యుణ్ణి తప్పించే అధికారం లేకపోయింది. విద్యాలయానికి విరాళమిచ్చినవారి పేరు గోడ మీద ఉండాలే తప్ప పాఠంలో ఉండకూడదన్న నియమం ఎందుకు అవసరమో చెప్పడానికి నాకు ఈ ఉదాహరణే ముందు గుర్తుకొస్తుంది.

ఆ పీఠానికి విదేశాల్లో పర్యటించే వెసులుబాటు ఉండేది. 1937లో కార్ సోవియట్ యూనియన్‌కూ జర్మనీకీ వెళ్ళి వచ్చాడు. శాంతి ఒప్పందాల తర్వాతి అంతర్జాతీయ సంబంధాల మీద ఆయన రాసిన పాఠ్యపుస్తకం ఆ ఏడాదే వచ్చింది. యుద్ధం తర్వాత పెంచి, పేరు మార్చి మళ్ళీ అచ్చువేసిన ఆ పుస్తకమే నేటికీ మన పరీక్షల చదువుల్లో కనిపిస్తుంది. పేరు తెచ్చిన గ్రంథం మాత్రం ‘ఇరవయ్యేళ్ళ సంక్షోభం’. 1939 జూలై నడుమ అచ్చుకు వెళ్ళింది. సెప్టెంబరు 3న బ్రిటన్ యుద్ధం ప్రకటించింది. ముందుమాట కింద ఉన్న తేదీ సెప్టెంబరు 30. ‘రాబోయే శాంతిని నిర్మించేవారికి’ అని అంకితమిచ్చాడు.

ఆ పుస్తకాన్ని మన తరగతుల్లో ‘కర్రగలవాడిదే బర్రె’ అన్న సామెతకు కుదించేస్తారు. కార్ చెప్పింది అంతకంటే చిక్కుపడినది. అన్ని దేశాల ప్రయోజనాలూ సహజంగానే ఒకదానితో ఒకటి పొసుగుతాయన్న సిద్ధాంతం, అప్పటికే కడుపు నిండిన దేశాలు తమ స్థితిని కాపాడుకోవడానికి చెప్పుకునే ధర్మపన్నమని ఆయన వాదించాడు. శాంతి అందరికీ మేలే అని బ్రిటన్, ఫ్రాన్స్ చెప్పడంలో, ఉన్న పంపకం అలాగే ఉండాలన్న కోరిక దాగి ఉందన్నాడు. అదే సమయంలో, ఒట్టి బలాన్ని మాత్రమే నమ్ముకున్న వాస్తవికవాదం ఎటూ దారి చూపదని, లక్ష్యమూ నైతిక తీర్పూ లేకుండా రాజకీయం నడవదని కూడా అదే పుస్తకంలో రాశాడు. ఈ రెండో సగాన్ని పరీక్ష నోట్సులు దాదాపుగా వదిలేస్తాయి.

ఈ పుస్తకంలో ఒకచోట కాస్త ఆగి చూడాలి. బలాబలాలు మారినప్పుడు యుద్ధం లేకుండా సర్దుబాటు ఎలా జరగాలన్నది చివరి అధ్యాయాల్లో చర్చ. 1939 ప్రతిలో కార్, మునుపటి ఏడాది మ్యూనిక్ ఒప్పందానికి దారితీసిన సంప్రదింపులను, ఇటీవలి కాలంలో ఒక పెద్ద అంతర్జాతీయ సమస్యను శాంతియుత మార్పు పద్ధతిలో పరిష్కరించడానికి అత్యంత చేరువగా వచ్చిన ఉదాహరణగా పేర్కొన్నాడు. చెకోస్లోవాకియాను ముక్కలు చేసి హిట్లర్‌కు అప్పజెప్పిన ఒప్పందం గురించి ఈ మాట. 1946లో రెండో ముద్రణ వచ్చేసరికి ఆ వాక్యం లేదు. కొన్ని మాటలు సవరించానని, కాలం గడవడంతో కనుమరుగైన అప్పటి వివాదాలకు సంబంధించిన రెండు మూడు భాగాలు తీసివేశానని కొత్త ముందుమాటలో క్లుప్తంగా చెప్పి ఊరుకున్నాడు. ప్రపంచమంతటా తరాల తరబడి విద్యార్థులు చదివింది ఈ రెండో ముద్రణనే. చరిత్రకారుణ్ణి అతని కాలం నుంచి విడదీసి చదవకూడదని తర్వాత ప్రపంచానికి బోధించిన మనిషే, తన పుస్తకం నుంచి తన కాలపు ముద్రను ఇంత సున్నితంగా చెరిపివేశాడు. ఇది నాకు ఆయన మ్యూనిక్ అభిప్రాయం కంటే ఎక్కువ ఇబ్బంది కలిగిస్తుంది. ఆ అభిప్రాయం 1938లో బ్రిటన్‌లో లక్షలమందిది. ఆ చెరిపివేత మాత్రం ఆయనొక్కడిది.

యుద్ధం మొదలయ్యాక ఆచార్యుడు ఊళ్ళో కనిపించడం తగ్గింది. సమాచార మంత్రిత్వ శాఖలో కొన్ని నెలలు విదేశీ ప్రచారం చూసి, ఆ తర్వాత లండన్ ‘టైమ్స్’ పత్రికకు సంపాదకీయాలు రాయసాగాడు. 1941 నుంచి 1946 దాకా ఆ పత్రికకు సహాయ సంపాదకుడు. పీఠం మాత్రం వదల్లేదు. యుద్ధం తర్వాత పాత ఆర్థిక వ్యవస్థకు తిరిగి వెళ్ళడం కుదరదని, తూర్పు ఐరోపాలో సోవియట్ ప్రాబల్యాన్ని అంగీకరించి నడుచుకోవాలని ఆయన రాసిన సంపాదకీయాలు ప్రభుత్వానికి కంటగింపయ్యాయి. 1944 డిసెంబరులో ఏథెన్స్ వీధుల్లో బ్రిటిష్ సైన్యం గ్రీకు వామపక్ష ప్రతిఘటన దళాలతో తలపడినప్పుడు ‘టైమ్స్’ చర్చిల్ విధానాన్ని తప్పుపట్టింది. 1945 జనవరిలో చర్చిల్ పార్లమెంటు కామన్స్ సభలో, పేరెత్తకుండానే, కాలపరీక్షకు నిలిచిన పత్రికలు ఇలా రాయడమా అని విరుచుకుపడితే, ఎవరిని అంటున్నారో తెలిసిన సభ్యులు హర్షధ్వానాలు చేశారు. పత్రిక కార్యాలయం ఉన్న ప్రింటింగ్ హౌస్ స్క్వేర్ పేరు మీదుగా కార్‌కు అక్కడి ‘ఎర్ర ప్రొఫెసర్’ అన్న బిరుదు దక్కింది.

జర్మనీ బలపడుతున్నప్పుడు జర్మనీతో సర్దుకుపొమ్మన్నవాడు, సోవియట్ బలం పెరిగినప్పుడు సోవియట్‌తో సర్దుకుపొమ్మన్నాడు. ఏ ఎండకా గొడుగు అని శత్రువులు అన్నారు. నా ఉద్దేశంలో ఆయన గొడుగు మార్చలేదు. దౌత్యోద్యోగి ఇరవై ఏళ్ళు నేర్చుకున్నదాన్నే మొదటినుంచి చివరిదాకా పాటించాడు: ఎదురుగా ఉన్న బలాన్ని ముందు ఉన్నదున్నట్టు లెక్కగట్టు, ఆ తర్వాత నీ కోరిక చెప్పు. ఈ అలవాటు ఆయనకు చూపునిచ్చింది. 1939లో నానాజాతి సమితి మీద ఆశలు పెట్టుకున్న చాలామంది పండితులకంటే ఆయనకు పరిస్థితి స్పష్టంగా కనిపించడానికి కారణం అదే. బలం కింద నలిగినవాడి వైపు నుంచి లెక్క చూడడం ఆ అలవాటుకు రాదు. చెకోస్లోవాకియా ఆయన వాక్యంలో ఒక ‘సమస్య’గానే మిగిలింది.

1947లో రాజీనామా. మొదటి భార్యను విడిచి, ఆబరిస్ట్‌విత్‌లో ఒకప్పుడు పనిచేసిన మరో ఆచార్యుని భార్యతో కలిసి జీవిస్తున్నాడన్న సంగతి ఊరంతా గుప్పుమంది. జిమర్న్ కథే మళ్ళీ జరిగింది. ప్రపంచశాంతికి అంకితమైన ఆ పీఠానికి ఇళ్ళలో శాంతి విషయంలో మాత్రం జాతకం కలిసిరాలేదు. అసలు దెబ్బ ఆ తర్వాత తగిలింది. ప్రచ్ఛన్న యుద్ధం ముదురుతున్న రోజులు, సోవియట్ పట్ల మెతకవాడన్న పేరు, పైన ఈ అపవాదు. బ్రిటిష్ విశ్వవిద్యాలయాలు తలుపు తీయలేదు. పుస్తక సమీక్షలు, రేడియో ప్రసంగాలు, అమెరికాలో జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయంలో జర్మన్-సోవియట్ సంబంధాల మీద ఉపన్యాసాలు: వీటితో గడిపాడు. 1953లో ఆక్స్‌ఫర్డ్‌లోని బేలియల్ కళాశాల రాజనీతిశాస్త్రం చెప్పడానికి తీసుకుంది. 1955లో ట్రినిటీ పిలిచింది. బోధన బాధ్యత పెద్దగా లేని పరిశోధన పదవి అది. చనిపోయేదాకా ఆ కళాశాలలోనే ఉన్నాడు.

14 సంపుటాల చరిత్ర అచ్చులోకి రావడం మొదలైంది ఉద్యోగం లేని ఆ ఏళ్ళలోనే. మొదటి సంపుటం 1950లో, చివరిది 1978లో వచ్చాయి. అంత పొడవునా నడిచేది 1917 నుంచి 1929 దాకా, అంటే పన్నెండేళ్ళ కథ. చాలామంది దీన్ని ఒక దేశపు అంతర్గత చరిత్రగా తీసుకుంటారు కాని, మొదటి మూడు సంపుటాల్లో మూడోది పూర్తిగా సోవియట్ రష్యాకూ బయటి ప్రపంచానికీ ఉన్న సంబంధాల మీదే. తర్వాతి విడతల్లోనూ అలాంటి భాగాలు పెద్దవే ఉన్నాయి. విప్లవాన్ని ఎగుమతి చేయాలనుకునే పార్టీ, రాయబారులను పంపి వాణిజ్య ఒప్పందాలు చేసుకోవలసిన ప్రభుత్వం, రెండూ ఒకే భవనంలో కాపురముంటే ఏమవుతుందో ఆ పేజీల్లో ఓపికగా చూపించాడు. 1922లో రాపల్లోలో జర్మనీతో కుదిరిన ఒప్పందం, ఆ చాటున నడిచిన సైనిక సహకారం గురించి రాసిన పుటల్లో విదేశాంగ కార్యాలయపు పాత ఉద్యోగి చేయి తెలిసిపోతుంది.

సోవియట్ ప్రభుత్వ దస్తావేజులు ఆయనకు అందుబాటులో లేవు. అచ్చయినవాటి మీదే ఆధారపడ్డాడు: పార్టీ మహాసభల కార్యవాహికలు, శాసనాల సంకలనాలు, ‘ప్రావ్దా’, ‘ఇజ్వెస్తియా’ పత్రికల పాత సంచికలు. ఇవి బ్రిటన్‌లో కొన్ని, అమెరికాలో స్టాన్‌ఫర్డ్, హార్వర్డ్ గ్రంథాలయాల్లో కొన్ని దొరికాయి. అచ్చయిన కాగితం మీద ఇంతగా ఆధారపడితే, అచ్చుకానివ్వని సంగతులు తప్పిపోతాయన్న విమర్శ సబబే. ఆర్థిక ప్రణాళికల భాగం దగ్గరకు వచ్చాక బర్మింగ్‌హామ్‌కు చెందిన ఆర్.డబ్ల్యు. డేవీస్ తోడయ్యాడు. ఆబరిస్ట్‌విత్ డేవీస్‌కు ఈయనతో ఏ సంబంధమూ లేదు. వేల్స్ ఇంటిపేర్లు అంతే. ఆఖరి సంపుటాలకు ప్రసిద్ధ చరిత్రకారుడు ఐజాక్ డాయిచర్ భార్య తమారా సహాయం చేసింది.

తన పని తీరు గురించి కార్ చెప్పిన ఒక మాట పరిశోధక విద్యార్థులకు పనికొస్తుంది. ముందు ఆధారాలన్నీ చదివి, నోట్సు నింపి, అప్పుడు పుస్తకాలు పక్కన పెట్టి మొదటి నుంచి చివరిదాకా రాయడం తనవల్ల కాదన్నాడు. ముఖ్యమనుకున్న ఆధారాలు కొన్ని చదవగానే చేయి దురదపెడుతుంది, మొదలుపెట్టేస్తాడు, అదీ మొదటి పేజీతోనే కానక్కర్లేదు, ఎక్కడో ఒకచోట. ఆ తర్వాత చదవడం, రాయడం కలిసి నడుస్తాయి. రాస్తున్నకొద్దీ ఏం వెతకాలో తెలుస్తుంది, చదువుతున్నకొద్దీ రాసింది కొట్టివేయవలసి వస్తుంది. ‘సాహిత్య సమీక్ష’ అధ్యాయం పూర్తయితే తప్ప రెండో అధ్యాయానికి సంతకం పెట్టని పర్యవేక్షకులున్న మన విశ్వవిద్యాలయాల్లో ఈ పద్ధతి చెప్పుకోవడానికి కూడా ధైర్యం కావాలి.

ఈ మాట చెప్పింది 1961 జనవరి-మార్చి నెలల్లో కేంబ్రిడ్జిలో ఇచ్చిన ట్రెవెలియన్ ఉపన్యాసాల్లో. అవే ‘చరిత్ర అంటే ఏమిటి’. అందులో దౌత్య చరిత్ర రాసేవారందరూ గోడకు అంటించుకోవలసిన ఒక ఉదాహరణ ఉంది. వైమార్ జర్మనీ (హిట్లర్‌కు ముందరి గణతంత్ర జర్మనీ) విదేశాంగ మంత్రి స్ట్రెసెమాన్ 1929లో చనిపోయినప్పుడు 300 పెట్టెల కాగితాలు మిగిలాయి. ఆయన కార్యదర్శి బెర్న్‌హార్ట్ వాటిలోంచి ఏరి, ఒక్కొక్కటి 600 పేజీల చొప్పున మూడు సంపుటాలు అచ్చువేశాడు. స్ట్రెసెమాన్ పశ్చిమ దేశాలతో సాధించినవి, అంటే లోకార్నో ఒప్పందాలు, నానాజాతి సమితిలో జర్మనీకి సభ్యత్వం వంటివి, కళ్ళకు కట్టేవి. అందుకే సంపుటాల్లో వాటికి పెద్దపీట దక్కింది. సోవియట్‌తో ఏళ్ళ తరబడి నడిపిన సంప్రదింపుల్లో చెప్పుకోదగ్గ ఫలితం లేదు కనుక వాటికి దక్కిన చోటు తక్కువ. తర్వాత ఇంగ్లీషులోకి కుదించి అనువదించినవాడు మరో మూడోవంతు కోశాడు, ఆ కోత కూడా ఎక్కువగా సోవియట్ భాగం మీదే పడింది. అసలు పెట్టెలు యుద్ధంలో కాలిపోయి ఉంటే, జర్మన్ సంపుటాలు కూడా కనుమరుగై ఉంటే, ఇంగ్లీషు పుస్తకమే ఆధారమైపోయేది కదా అంటాడు కార్. అక్కడితో ఆగడు. అసలు పెట్టెలు తెరిచినా దొరికేదేమిటి? స్ట్రెసెమాన్, సోవియట్ విదేశాంగ మంత్రి చిచేరిన్‌ల సంభాషణల నివేదికలు. వాటిలో స్ట్రెసెమాన్ మాటలు సూటిగా, వాదన గట్టిగా ఉంటాయి. చిచేరిన్ మాటలు అరకొరగా, తడబడుతూ ఉంటాయి. నివేదిక రాసుకున్నది స్ట్రెసెమాన్ మరి. చిచేరిన్ రాసుకున్న కాగితంలో ఆయన వాదన ఎలా ఉండేదో!

ఇరవై ఏళ్ళు అలాంటి నివేదికల మధ్య బతికినవాడు మాత్రమే ఈ ఉదాహరణను ఇంత సులువుగా విప్పగలడు. అయితే బెర్న్‌హార్ట్ గెలుపునే ఏరుకున్నాడని పట్టుకున్న కార్ మీద విమర్శకులు వేసిన నింద కూడా సరిగ్గా అదే. ప్రజలు చేయగలిగినదాన్ని చరిత్ర నమోదు చేస్తుంది కాని చేయలేకపోయినదాన్ని కాదు, ఆ మేరకు అది విజయగాథే అవుతుందని ఆయనే అదే ఉపన్యాసాల్లో అన్నాడు. చరిత్రకారుడు ట్రెవర్-రోపర్ ఆ మాటను పట్టుకుని తీవ్రంగా ఎండగట్టాడు. తత్వవేత్త ఐజాయా బెర్లిన్‌తో అంతకుముందు నుంచే వాదం నడుస్తోంది: గెలిచినవారి కళ్ళతో చూస్తున్నావు, ఓడినవారికి, బలైనవారికి నీ చరిత్రలో చోటేదని బెర్లిన్ అడిగాడు. 14 సంపుటాలు 1929తో ఆగిపోవడం వల్ల 1932-33 నాటి ఘోరమైన కరువు, ఆ తర్వాతి సామూహిక శిక్షలు కథలోకి రానేలేదు. ఆ తర్వాతి కాలానికి నమ్మదగిన ఆధారాలు ఎండిపోయాయన్నది కార్ సమాధానం. అది నిజమే కావచ్చు. ప్రణాళికకు పునాదులు పడిన తీరును అంత వివరంగా రాసి, ఆ పునాది కింద ఎవరు పడ్డారో చెప్పవలసిన చోట ఆధారాలు అయిపోవడం పాఠకుడికి మింగుడుపడదన్నదీ నిజమే.

తాను పేరు తెచ్చిపెట్టిన విద్యాశాఖ మీద ఆయనకు చివరికి మిగిలింది ప్రేమ కాదు. 1977లో అమెరికన్ పండితుడు స్టాన్లీ హాఫ్‌మన్‌కు రాసిన ఉత్తరంలో, ఇంగ్లీషు మాట్లాడే దేశాల్లో అంతర్జాతీయ సంబంధాల అధ్యయనమంటే బలమున్న చోటు నుంచి ప్రపంచాన్ని నడపడం ఎలాగన్న అధ్యయనమేనన్నాడు. ఆఫ్రికా, ఆసియా విశ్వవిద్యాలయాల్లో ఆ చదువు ఎప్పుడైనా మొదలైతే, అది బలవంతుడు బలహీనుణ్ణి దోచుకున్న తీరు మీద అధ్యయనం అవుతుందనీ రాశాడు. ఈ మాట చదివి మనవాళ్ళు చాలామంది మురిసిపోతారు. నేను ‘ఎప్పుడైనా మొదలైతే’ దగ్గర ఆగిపోయాను. ఢిల్లీలో ఇండియన్ స్కూల్ ఆఫ్ ఇంటర్నేషనల్ స్టడీస్ 1955లోనే మొదలైంది. 1970లో జవహర్‌లాల్ నెహ్రూ విశ్వవిద్యాలయంలో కలిసింది. కార్ ఉత్తరం రాసేనాటికి అక్కడ పరిశోధకులు ఇరవై రెండేళ్ళుగా పనిచేస్తున్నారు. ఆసియా పక్షాన ఇంత సూటిగా మాట్లాడినవాడికి ఆసియా ఏం చదువుతోందో కనుక్కోవాలని తోచలేదు. అయితే అక్కడ చదివింది ఆయన ఊహించిన చదువేనా అంటే, చాలా భాగం కాదనే చెప్పాలి. సిలబస్ తెరిస్తే మొదటి పేరు ఆయనదే.

చివరి ఏళ్ళలో కార్ మళ్ళీ తన పాత ఇరవయ్యేళ్ళ దగ్గరికే వెళ్ళాడు, ఈసారి మాస్కో వైపు నుంచి. 1930-35 మధ్య కమ్యూనిస్టు ఇంటర్నేషనల్, అంటే వివిధ దేశాల కమ్యూనిస్టు పార్టీల ఉమ్మడి సంస్థ, ఎలా చేవ చచ్చి సోవియట్ విదేశాంగ విధానానికి తోకగా మారిందన్నది ఆ పుస్తకం. అది 1982లో వచ్చింది. ఆ ఏడాది నవంబరు 3న, తొంభై నిండిన కొన్ని నెలలకు, ఆయన చనిపోయాడు. స్పెయిన్ అంతర్యుద్ధంలో ఆ సంస్థ పాత్ర మీద రాసుకున్న భాగాన్ని తమారా డాయిచర్ సంపాదకత్వంలో 1984లో వెలువరించారు. ఓడిపోయిన స్పెయిన్ రిపబ్లిక్ గురించి, దాన్ని ఆదుకోలేకపోయిన సంస్థ గురించి రాసిన పుస్తకాలివి. గెలుపు కథలు మాత్రమే రాశాడని ఆయన మీద వ్యాసాలు రాసేవారి ఉటంకింపుల్లో ఈ రెండూ నాకు చాలా అరుదుగా కనిపించాయి.